టోపీలో చెయ్యి

వరహాలరావు తల మీంచి టోపీ తీశాడంటే ఊళ్ళో ఎవరి తల మీదికో బరువు ఎక్కబోతోందని అర్థం. ఆ టోపీ మొదట దొరది. దొర తలకి పాతబడ్డాక గుమాస్తా తలకి కొత్తదయింది. అంచు చిరిగినచోట నల్లదారంతో కుట్టించుకుని, లోపల చెమటపట్టీ మార్పించుకుని, ఏదో సంస్థానం చేతికొచ్చినట్టు దాన్ని పెట్టుకు తిరిగేవాడు. కొండ మీదికొచ్చాక దానికి ఇంకో ఉపయోగం కనిపెట్టాడు.

మన్యంలో తిరుగుబాటు, ఆ పితూరీ, అణిగి రెండేళ్ళు దాటింది. కొండవాళ్ళ చేత వెట్టి చేయించకూడదని పైనుంచి గట్టి ఉత్తరువులు. బలవంతాన కోడి ఈక కూడా పట్టకూడదు. వాళ్ళే ఇష్టపడి వస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ ఇష్టాన్ని పుట్టించే బాధ్యత అడవి దొరగారి క్యాంపు గుమాస్తా వరహాలరావుది. అతను ఊరి మొదట్లో పనసచెట్టు కింద నిలబడి, టోపీ తిరగేసి, అందులో పొగాకు ముక్కలు పోసి, మగవాళ్ళ ముందు పట్టేవాడు. చెయ్యి పెట్టి పొగాకు తీసుకున్నవాడు దొర సామాను మోతకి ఇష్టపడ్డవాడు. వట్టి చెయ్యి తీసినవాడు ఇంటికి పోవచ్చు. ఇంతకన్నా న్యాయం ఏ రాజ్యంలో ఉందని అడిగేవాడు.

వట్టి చెయ్యి తీసినవాడు ఇంతవరకూ లేడు. ఎందుకు లేడో వరహాలరావుకి తెలుసు. చైత్రంలో విత్తనాల పండగనాడు ఆ ఊళ్ళో ప్రతి ఇంటి విత్తనాలూ, సామలూ చోళ్ళూ కందులూ, ఒకే బుట్టలో కలిపి దేవత ముందు పెడతారు. ఇంటికొకరు బుట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకుంటారు. ఆ గుప్పెడు ఇంట్లో విత్తనాల్లో కలిపాకే దుక్కి. లోపలికి వెళ్ళిన చెయ్యి వట్టిగా బయటికొస్తే ఆ ఏడు ఊరందరి నేలా గొడ్డుపోతుందని నమ్మకం. పుట్టిన దగ్గర్నించీ ఆ చేతులకి అదే అలవాటు. ఎవరు ఏది చాపి చెయ్యి పెట్టమన్నా పిడికిలి మూసుకునే బయటికొస్తుంది. ఇది తెలుసుకున్న పెద్దమనిషి బుట్ట బదులు టోపీ పట్టాడు. అందులోనూ ముందు పూజారి గాసి దగ్గరికే తీసుకెళ్ళేవాడు. ముసలాయన తీశాక మిగతావాళ్ళు తీయకుండా ఉండలేరు.

దొర బంగళాలోకి దిగిన పొద్దుట అలాగే తీశారు. గంగ నీళ్ళకుండ దింపి, వరండా మెట్టు మీద కూర్చుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట పీలుస్తూ, వరసగా ఎక్కి వస్తున్న సామాను చూసింది. మొగుడు బుధు తల మీద తుపాకుల పెట్టె ఉంది. వెనకాల దొర స్నానం చేసే రేకు తొట్టి బోర్లా నడిచి వస్తోంది. దాని కింద వణుకుతున్న రెండు ముసలి కాళ్ళని బట్టి అది గాసి అని తెలిసింది. గంగకి జాలి వెయ్యలేదు, కోపం వచ్చింది. ఇంతమంది చేతులుండి, ఒక్కటీ వట్టిగా రాదేమని కోపం.

ఆమె బంగళాకి నీళ్ళు మోస్తుంది. శృంగవరపుకోట సంతకి పిప్పళ్ళూ చింతపండూ మోసి మోసి కిందివాళ్ళ మాటలు బాగానే పట్టుబడ్డాయి. వాటితోపాటు కిందివాళ్ళంటే చులకన కూడా పట్టుబడింది. వరహాలరావుకి ఈ రెండో సంగతి తెలీదు. కొండ మీద తన చదువు వినేవాడు దొరక్క అతనికి కడుపుబ్బరంగా ఉండేది. నీళ్ళు పోస్తున్న ఆడమనిషైనా సరే, రెండు చెవులుంటే చాలు.

"బాబూ, దొర తిట్టే ఆ తిట్టేటి?" అని ఆమే అడిగింది. "దిగిన కాణ్ణించీ గుర్రాన్ని సూసినప్పుడల్లా అదే మాట అంతన్నాడు. హేండీకాప్, హేండీకాప్ అని."

వరహాలరావు మొహం విప్పారింది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"తిట్టు కాదే వెర్రిదానా, మాట. మాటలకీ గోత్రాలుంటాయి. దీనికి తాతలున్నారు, ముత్తాతలున్నారు. మూడొందల ఏళ్ళ కిందట దొరల దేశంలో సారా అంగళ్ళలో ఒక ఆట ఉండేది. నీ దగ్గరో వస్తువుంది, నా దగ్గరో వస్తువుంది. మార్చుకోవాలి. రెండూ సమానం కాదు కదా! అందుకని మధ్యవర్తి ఒకడు కూర్చుని, తక్కువ వస్తువుగలవాడు పైన ఇంకేం కలపాలో చెప్తాడు. అప్పుడు ఇద్దరూ ఒక టోపీలో పందెం వేసి, చేతులు లోపల పెట్టి, ఒక్కసారే బయటికి తీస్తారు. నోటితో ఔననకూడదు, కాదనకూడదు. చెయ్యే చెప్పాలి. చెయ్యి అంటే హ్యాండ్. లోపల అంటే ఇన్. టోపీ అంటే క్యాప్. మూడూ నోళ్ళలో నలిగి నలిగి, మధ్యదాని తోక ఊడిపోయి, ఒక్క మాటయి కూర్చుంది."

"మరి గుర్రానికి టోపీ ఏటి బాబూ?"

"అక్కడికే వస్తున్నా. గుర్రప్పందాలవాళ్ళు ఆ ఆటని ఎత్తుకుపోయారు. బలమైన గుర్రమూ బక్క గుర్రమూ కలిసి పరిగెడితే పందెమేముంది? మధ్యవర్తి మంచి గుర్రానికి సీసం బరువులు కట్టిస్తాడు. ఎంత మంచిదైతే అంత బరువు. ఆ బరువుకి ఇప్పుడు ఈ పేరు వచ్చింది. వాల్తేరు పందెంలో మన దొర గుర్రానికి ఎక్కువ బరువు పెట్టారు, ఓడిపోయింది, అదీ ఆయన బాధ. నిజానికది బాధపడాల్సిన సంగతి కాదు. బరువెక్కువ పెట్టారంటే గొప్పదని ఒప్పుకున్నట్టే. అదో మర్యాద."

రేకు తొట్టి అప్పుడే మెట్లెక్కింది. గంగ చుట్ట నోట్లోంచి తీసి బూడిద రాల్చింది.

"అయితే మా గాసితాత శానా మంచి గుర్రం" అంది.

వరహాలరావు నవ్వలేదు. అంత మంచి పాఠం చెప్పినందుకు తగిన శిష్యులు దొరకలేదే అని కొండల వైపు చూశాడు.

దొరకి డబ్బాపాలు అయిపోయాయి. కింద నుంచి రావలసిన బండి ఘాట్ రోడ్డులో ఇరుసు విరిగి ఆగిపోయింది. పాలులేని టీ తాగి దొర మొహం ముడుచుకుంది. కుర్రదొర, మెడంతా ఎండకి ఎర్రగా కమిలి ఉంటుంది. చెడ్డవాడని ఎవరూ అనరు. ఆటలో మోసం చెయ్యడు, మోసం చేసినవాణ్ణి క్షమించడు. ఆట బయట ఏం జరిగినా అంతగా పట్టించుకోడు. అతనికి వరండాలోంచి వాలు మీద మేస్తున్న బుధు ఆవు కనిపించింది. వెనక నెల దాటని దూడ ఉంది.

బుధుని పిలిపించారు. గోచీ సర్దుకుని మెట్ల కింద నిలబడ్డాడు. దొర ఇంగ్లీషులో అడిగినదాన్ని వరహాలరావు తెలుగు చేశాడు.

"పాలు దూడవి బాబూ" అన్నాడు బుధు. "మా వోల్లు పితకరు. మాకు తెలవదు."

"నువ్వు పితకొద్దు. ఆవునివ్వు."

"ఎద్దొక్కటే ఉంది నాకు. ఆవు దానికి జోడీ. రేపో మాపో వాన పడద్ది. జోడీ నేకపోతే దుక్కెలాగ?"

బుధు అబద్ధమాడలేదు, బతిమాలలేదు. ఉన్న సంగతి చెప్పి ఊరుకున్నాడు. ఉన్న ఆ కాస్త నేల, ఆ పోడుచెక్క, దున్నితేనే ఏడాది గంజి. సంగతి అక్కడితో ఆగవలసిందే. బలవంతం చెయ్యడానికి ఉత్తరువులు ఒప్పుకోవు. అప్పుడే వరహాలరావు బుర్రలో ముందురోజు చెప్పిన పాఠం మెదిలింది. దొరతో గబగబా ఏదో మాట్లాడాడు. వింటూ వింటూ దొర మొహం వెలిగింది. తొడ చరిచి, ఆ తిట్టులాంటి మాటని ఈసారి నవ్వుతూ అన్నాడు. తన గుర్రాన్ని ఓడించిన మాట పుట్టుక ఇంత సరదాగా ఉంటుందని పాపం అతనికి తెలీదు. మార్పిడి చేద్దాం, మా పూర్వుల పద్ధతిలో, నువ్వే మధ్యవర్తివి, అన్నాడట.

వరండా ముందు ఊరు చేరింది. బుధు ఆవు ఒక పక్క. దొర పాత ఉన్ని కోటు ఒక పక్క. చిమ్మటలు ఒక చంక తినేశాయి, రెండో చంక బాగానే ఉంది. రెండూ సమానం కాదని మధ్యవర్తి ఒప్పుకున్నాడు. న్యాయంగా ఆలోచించి, దొర పైన ఒక లాంతరు కలపాలని తీర్పు చెప్పాడు. లాంతరుకి గాజు లేదు. ఆ సంగతి కూడా అందరికీ వినబడేలా చెప్పాడు, తరవాత మాట రాకూడదని.

"చూడు బుధూ" అని టోపీ తిరగేసి పట్టుకున్నాడు. దొర గొట్టం పొగాకు కొంచెం, బుధు రొంటినున్న పొగాకు కాడ ఒకటి అందులో వేయించాడు. "ఇద్దరూ చేతులు పెట్టండి. నీకిష్టమైతే పొగాకు పట్టుకుని పిడికిలి బయటికి తియ్యి. ఇష్టం లేకపోతే వట్టి చెయ్యి తియ్యి. ఎవరూ నిన్ను బలవంతం చెయ్యటం లేదు. ఇద్దరూ పిడికిలి తీస్తే మార్పిడి జరిగినట్టు. టోపీలో పొగాకు మధ్యవర్తిది. ఒకరు తీసి ఒకరు తియ్యకపోతే మార్పిడి లేదు, తీసినవాడికే పొగాకంతా. తెలిసిందా?"

బుధుకి తెలిసింది. అక్షరం పొల్లుపోకుండా తెలిసింది. గంగ అతని మొహం చూస్తూనే ఉంది. వద్దనుకుంటున్నాడని ఆ మొహం మీద స్పష్టంగా ఉంది. చెయ్యి టోపీలోకి వెళ్ళింది. ఎదురుగా గాసి ఉన్నాడు, చుట్టూ ఊరుంది, పైన వానకి ముందు మబ్బులున్నాయి, పండగనాడు కలిపిన విత్తనాలు బుట్టల్లో ఇంకా ఇళ్ళలోనే ఉన్నాయి. దొర పిడికిలి బయటికొచ్చింది. ఒక క్షణం ఆలస్యంగా బుధుదీ వచ్చింది, మూసుకుని.

వరహాలరావు ఆ రెండు పిడికిళ్ళూ విప్పించి పొగాకు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎంత చక్కటి ఆట!" అన్నాడు.

దొర కూడా అదే అన్నట్టున్నాడు. బుధు భుజం తట్టాడు. న్యాయం జరిగిందని దొరకి నిజంగానే నమ్మకం. గంగకి అన్నిటికన్నా అసహ్యం వేసింది ఆ నమ్మకాన్ని చూస్తేనే. దొంగతనం చేసినవాడైతే కనీసం వెనక్కి తిరిగి చూస్తూ వెళ్తాడు.

దారిలో బుధు కోటు భుజాన వేసుకుని, లాంతరు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు.

"తెలిసి తెలిసి మూసినావా సెయ్యి?" అంది గంగ.

"ఏటి సెయ్యనే? ఊరందరి నేలా గొడ్డుపోదా?"

"ఇప్పుడు నీ నేల నిలబడిందా?"

ఆమె ఆ కోటు లాగి దారి పక్క తుప్పల్లోకి విసిరింది. అతను వెనక్కి వెళ్ళి, ముళ్ళు దులిపి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. మార్పిడిలో వచ్చినది పారెయ్యకూడదు మరి. అలాంటి మనిషి.

మర్నాడు బంగళాలో పాలు పితికే తంతు జరిగింది. వంటవాడు చెంబు తీసుకుని కూర్చున్నాడు. ఆవు మొదట చెంబుని తన్నింది, తరవాత వంటవాణ్ణి. రెండోసారి కాళ్ళకి తాడు కట్టించారు. పొదుగు నిండి ఉంది గాని చుక్క దింపలేదు. ఊళ్ళోంచి దూడ అరుపు వినబడుతోంది. అది అరిచినప్పుడల్లా ఆవు మెడ అటు తిప్పేది.

"ఏమే, నువ్వు పితుకు" అన్నాడు వరహాలరావు.

"పుట్టి బుద్దెరిగి ఆవు పితికినోల్లు నేరు మా ఊల్లో" అంది గంగ. "దూడ ముడితేగానీ సేపదు. అది దొర పిడికిలి సూసి సేపుద్దా?"

"అయితే దూడని కూడా తేవాలన్నమాట" అని వరహాలరావు తనలో తను అనుకున్నాడు. పైకే అనుకున్నాడు. గంగ ఎదురుగా ఉన్నా అతనికి ఎదురుగా ఎవరూ లేనట్టే.

ఆ సాయంకాలం తొలి వాన పడింది. తెల్లవారేసరికి నేల మెత్తబడి, ఊరంతా నాగళ్ళు తీశారు. వాన వెనక్కి తగ్గకముందే దున్ని చల్లాలి. జోడీ ఉన్నవాడు తన చెక్క వదిలి ఇంకొకడికి ఎడ్లనివ్వడానికి వీల్లేదు. బుధు ఎద్దుని కట్టి, కాడి రెండో కొస దగ్గర కాసేపు నిలబడ్డాడు. తరవాత తలగుడ్డ మడిచి భుజం మీద వేసుకుని, ఆ కొస తనే ఎత్తుకున్నాడు.

"నాగలట్టుకో" అన్నాడు గంగతో.

ఆమె పట్టుకుంది. బుధు ఒంగి లాగుతుంటే మెడనరాలు పొంగాయి. ఎద్దు తనకి తెలియని జోడీని చూసి బెదిరి పక్కకి ఒరిగేది. బుధు జారి మోకాళ్ళ మీద పడేవాడు, లేచేవాడు. చాలు వంకర టింకరగా పోయింది. గంగ నోరెత్తలేదు. ఎత్తితే మొగుణ్ణి తిడుతుందో ఏడుస్తుందో తనకే తెలీదు, రెండూ చెయ్యదలచుకోలేదు.

వరహాలరావు గుడ్లు ఏరించుకోవడానికి ఆ దారినే వచ్చాడు. గట్టు మీద ఆగి చూశాడు. అతనికి ఆనాటి పాఠానికి ఇంత చక్కటి ఉదాహరణ దొరికినందుకు సంతోషం కలిగింది.

"చూశావుటే గంగా, హ్యాండీకాప్ అంటే ఇదే! బరువు మంచి గుర్రానికే పెడతారు. నీ మొగుడు చాలా గట్టివాడన్నమాట."

నాగలి ఆగింది. బుధు తల ఎత్తలేదు. గంగ అతని వీపు వంకా, గట్టు మీది టోపీ వంకా చూసింది. అరికాలి కింద బురద చల్లగా ఉంది.

"గుర్తెట్టుకుంతాను బాబూ" అంది.

దూడ కోసం మర్నాడే మళ్ళీ పిలుపొచ్చింది. దూడకి వేరే మార్పిడి పెడితే దొర పైన మళ్ళీ మంచి వస్తువేదో ఇవ్వాల్సొస్తుంది. వరహాలరావుకి దొర సామానులో ఏదీ వదులుకోవడం ఇష్టం లేదు. దొర తిరిగి వెళ్ళేనాటికి పనికిరాని వస్తువులు ఒక్కొక్కటే గుమాస్తాకే చేరతాయి. కోటు పోయినందుకే అతనికి లోపల బాధగా ఉంది. అందుకని తెలివిగా ఆలోచించాడు.

"మొన్నటి మార్పిడి రద్దు" అని ప్రకటించాడు వరండా మీంచి. ఊరు మళ్ళీ చేరింది. "కొత్త ఆట. ఆవూ దూడా కలిపి ఒక పక్క. మొన్నటి కోటూ లాంతరూ, వాటి మీద ఈ బిస్కత్తుల డబ్బా ఒక పక్క." డబ్బా ఖాళీది. మూత మీద ఎర్రటి పూలున్నాయి.

"పాత ఆట నేదన్నమాటేనా బాబూ?" గంగ కుండ దింపి అడిగింది.

"చెప్పానుగా. లేదు."

"దొరకి తెలుసా?"

వరహాలరావు విసుక్కుంటూ దొరకి చెప్పాడు. దొర తల ఊపాడు. బుధు మెట్ల దగ్గరికి వస్తున్నాడు. కాడి ఒరుసుకుపోయిన భుజం పచ్చిగా ఉంది. గంగ అతనికి అడ్డంగా నిలబడింది.

"ఆవు నాది బాబూ. మా అయ్య ఇచ్చింది. ఆటలో మొగోడే సెయ్యి ఎట్టాలని ఉందేటి మీ తాతల కాడ?"

మధ్యవర్తి దొర వైపు తిరిగాడు. దొర ఏమిటని అడిగాడు. విని పెద్దగా నవ్వి, రమ్మని చెయ్యి ఊపాడు. ఆడది ఆడుతుందంటే అతనికి మరింత సరదా వేసింది.

బుధు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఏటి సేత్తన్నావే?"

"నువ్వు మూసినావు కదా. నాను సూత్తాను."

గాసికి అర్థమైంది. ముసలాయన కర్ర మీద ముందుకి వంగి, "గుంటా, వొద్దు" అన్నాడు. "ఇత్తు ఇంకా నేల్లో పడలేదు. వొద్దమ్మా."

గంగ పొగాకు కాడ టోపీలో వేసింది. దొర తనది వేశాడు. టోపీ లోపల చెమట వాసన, కొత్త పట్టీ గరుకు, వేళ్ళకి పొగాకు తగిలింది. పక్కనే దొర చెయ్యి వెచ్చగా ఉంది. ఆమె భయపడలేదంటే అబద్ధం. ఆమె కూడా ఆ ఊరి పిల్లే, ప్రతి చైత్రంలోనూ అమ్మ వెనక నిలబడి ఆ బుట్ట చూసిందే. వేళ్ళు వాటంతటవే ముడుచుకోబోయాయి. ఆ క్షణంలో అందరి మీదా అసహ్యం పుట్టింది. నవ్వుతున్న దొర మీద, టోపీ పట్టుకుని పైకి చూస్తున్న వరహాలరావు మీద, చెప్పిన మాట వినే మొగుడి మీద, కర్ర మీద వణుకుతున్న గాసి మీద, అన్నిటికీ మించి ముడుచుకుపోతున్న తన వేళ్ళ మీద.

"తియ్యండి!" అన్నాడు మధ్యవర్తి.

దొర పిడికిలి వచ్చింది. గంగ చెయ్యి వట్టిగా వచ్చింది. ఆమె దాన్ని దించలేదు. ఐదు వేళ్ళూ విప్పి అందరికీ కనబడేలా పట్టుకుంది.

ఎవరో ఆడమనిషి పిల్లాడి కళ్ళు మూసింది.

"దీనికి ఆట తెలీలేదు" అని వరహాలరావు కంగారుగా అందుకున్నాడు. "మళ్ళీ ఒకసారి..." దొరతో ఇంగ్లీషులో వాదించాడు. దొర మొహంలో నవ్వు పోయింది. కోపం గంగ మీద కాదు. ఆట అయ్యాక మళ్ళీ ఆడిద్దామనేవాడిని అతను వాల్తేరులోనైతే క్లబ్బు గుమ్మం తొక్కనివ్వడు. పొట్టిగా రెండు మాటలు అన్నాడు. వరహాలరావు చెవులు ఎర్రబడ్డాయి. ఒకరు తీసి ఒకరు తియ్యలేదు కనక పొగాకంతా దొరది. కొండపొగాకు వాసన చూసి, తన సంచిలో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అతనికి పాలు లేకపోయినా పందెం దక్కింది. మధ్యవర్తికి ఏమీ దక్కలేదు.

పాత మార్పిడి రద్దు, కొత్తది జరగలేదు. బుధు కోటూ లాంతరూ తెచ్చి వరండా మీద పెట్టాడు. గంగ ఆవు కట్టు విప్పింది. దారి పొడుగునా జనం పక్కకి తొలిగారు, గౌరవానికి కాదు. దూడ ఎదురుగా పరిగెత్తుకొచ్చి పొదుగులోకి దూరింది. ఆవు నడిదారిలో నిలబడి చేపింది. నురగ దూడ మూతి మీంచి నేల మీదికి కారింది. గంగ అది తాగినంతసేపూ అక్కడే నిలబడింది.

గాసి ఇంటి ముందుకొచ్చాడు గాని లోపలికి రాలేదు. "వచ్చే సైత్రానికి నువ్వు బుట్టకాడికి రావొద్దు" అన్నాడు. ఆమె సరేనంది. బుధు కాడి సరిచేసుకున్నాడు. మర్నాడు ఎద్దూ ఆవూ జోడీగా నడిచాయి. చాలు తిన్నగా వచ్చింది. సాయంకాలం బుధు విత్తనాల బుట్ట తెచ్చి గట్టు మీద పెట్టి, తను చల్లకుండా నిలబడ్డాడు.

"నువ్వే సల్లు" అన్నాడు.

"నా సెయ్యి వొట్టిది కదా?"

"సూద్దాం" అన్నాడు. గంగ అతన్ని తేరిపార చూసింది. చాలా రోజుల తరవాత అతని మీద చులకన కలగలేదు.

వానలు ఆగి ఆగి పడ్డాయి. పొద్దుటే గాసి కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆ చెక్క గట్టు మీద కూర్చునేవాడు. తక్కిన నేలలన్నీ చూసి, మళ్ళీ ఇక్కడికే వచ్చేవాడు. ఒకరోజు ఒంగి, గోటితో మట్టి కదిపి, చోడి మొలక ఒకటి చూశాడు. పక్కవాడి చెక్కలోకి వెళ్ళి అక్కడా చూశాడు. అక్కడా మొలిచింది. ముసలాయన చాలాసేపు ఆ రెండు చెక్కల మధ్యా కూర్చున్నాడు.

దొర క్యాంపు ఎత్తేశాడు. తెల్లవారగానే గుర్రమెక్కి, సామాను మధ్యాహ్నానికల్లా అనంతగిరి చేరాలని చెప్పి ముందు వెళ్ళిపోయాడు. పెట్టెలు, మడత మంచం, రేకు తొట్టి పనసచెట్టు కింద గుట్టగా ఉన్నాయి. వరహాలరావు టోపీ తీశాడు. పొగాకు ముక్కలు పోశాడు. అలవాటు ప్రకారం ముందు గాసి దగ్గరికి వెళ్ళాడు.

"ఊఁ, తీసుకో ముసలాడా."

గాసి టోపీలోకి తొంగి చూశాడు. చెయ్యి పెట్టాడు. లోపల కాసేపు వెతికినట్టు కదిపాడు. ఊరి మగవాళ్ళంతా ఆ మణికట్టునే చూస్తున్నారు. చెయ్యి బయటికొచ్చింది. ముడతలుపడ్డ అరచెయ్యి, విప్పిన వేళ్ళు, వట్టిది.

"ఇందులో ఇత్తు నేదు బాబూ" అన్నాడు గాసి. "ఇది బుట్ట కాదు."

వరహాలరావు నవ్వబోయాడు. టోపీ బుధు ముందుకి జరిపాడు. బుధు చెయ్యి పెట్టి వట్టిగా తీశాడు. పక్కవాడు తీశాడు, ఆ పక్కవాడు తీశాడు. ఎవరూ మాట తూలలేదు, ఎవరూ కదల్లేదు. అడిగినవాడి మర్యాద కోసం ప్రతివాడూ లోపలిదాకా చెయ్యి పెట్టి, ఏమీ తీసుకోకుండా వెనక్కి తెచ్చుకున్నాడు. వరస చివరికి వచ్చేసరికి టోపీలో పొగాకు పోసినంతా ఉంది.

"ఇష్టం లేకపోతే ఇంటికి పోవచ్చన్నావు కదా బాబూ" అని గాసి గుర్తు చేశాడు. అందరూ ఇళ్ళకి పోయారు.

గంగ కుండతో అటే వచ్చింది. వరహాలరావు సామాను గుట్ట ముందు నిలబడి ఉన్నాడు. వంటవాడు అప్పటికే మడత మంచం భుజాన వేసుకుని, మిగతాది నీదే అన్నట్టు దిగిపోతున్నాడు. గుమాస్తా పెట్టెల్ని ఎత్తి చూశాడు. అన్నిటిలోకీ తేలిక రేకు తొట్టే.

"ఎత్తుకో బాబూ" అంది గంగ. "బరువు మంచి గుర్రానికే కదా ఎడతారు. మరియాద."

అతను ఆమె వైపు చూడలేదు. పొగాకు కింద పోసి, టోపీ దులిపి తలకి పెట్టుకుని, తొట్టి ఎత్తుకోబోయాడు. టోపీ నెత్తినుంటే తొట్టి నిలవలేదు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ జారింది. దారి అటూ ఇటూ చూశాడు. తరవాత వరహాలరావు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.